ఏడో గొలుసు దగ్గర తప్పాను

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

నా పేరు సూరాడ బండయ్య. వయసు డెబ్బై నాలుగు. మూడో తరగతిలో బడి మానేశాను. మానేశాననడం కూడా తప్పే, బడే సముద్రంలోకి పోయింది. అక్షరాలు వచ్చు, ఒత్తుల దగ్గర చెయ్యి ఆగుతుంది. తెడ్డు అని ఊరి వార్తల సైటు నడిపే పిల్లలు దిద్ది పెడతామన్నారు. అక్షరం దిద్దుకోండి, మాట జోలికొస్తే ఊరుకోనని ముందే చెప్పాను.

ఇవాళ పొద్దున్న పన్నెండు గొలుసులూ కొట్టి విన్నాను. పదకొండు బాగున్నాయి. ఏడోది బాగులేదు.

గొలుసు కొట్టడం అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా చదువుతారు, కాస్త చెప్పు తాతా అన్నారు. చెబుతాను. మా కొత్తరేవు నీళ్ల మీద ఉంది. ఇళ్లూ బడీ ఆసుపత్రీ అన్నీ తేలే దిమ్మల మీదే, నాలుగు వేల మందిమి. ఊరు కొట్టుకుపోకుండా పట్టుకున్నవి పన్నెండు గొలుసులు. గడియారం అంకెల్లాగా ఊరి చుట్టూ ఉంటాయి, ఒక్కోదాని చివర అడుగున లంగరు. ముప్ఫై ఒక్క ఏళ్లు రోజూ పొద్దున్నే సుత్తితో వాటిని కొట్టి విన్నది నేనే. బిగువుగా ఉన్న గొలుసు కంగుమంటుంది. ఆరేళ్ల కిందట ఆఫీసువాళ్లు గొలుసులకి మీటర్లు బిగించి, ఇక కాపరి చూసుకుంటుంది నువ్వు ఇంటికి పో అన్నారు. కాపరి అంటే ఊరిని నడిపే యంత్రం. నేను పోలేదు. సుత్తి నాది, ఆఫీసుది కాదు.

ఏడో గొలుసు ఇవాళ దబ్బుమంది. తడి గోనె మీద కొట్టినట్టు.

తుఫానుల నెల ఇది. ఒక గొలుసు పోతే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది, అవీ పోతాయి. ఆ తరువాత ఊరు ఎక్కడికి పోవాలన్నది సముద్రం ఇష్టం.

శుద్ధ విదియ

ఆఫీసుకి వెళ్లాను. చక్రధర్ గారని మేనేజరు. మంచి బట్ట, మెత్తని మాట. తెర మీద చూపించాడు, పన్నెండు గొలుసులూ పచ్చగా ఉన్నాయి. ఏడోదాని మీద బరువు తగ్గింది కూడానట, బరువు తగ్గితే ఇంకా క్షేమమట. ఆసుపత్రిలో చెవులు చూపించుకోమని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ మెట్ల మీదే చింపేశాను.

అక్కణ్నించి నేరుగా పాత ఐసు గదికి పోయాను. తెడ్డు సైటు నడిచేది అక్కడే. ఏడుగురు కుర్రాళ్లు. ఇరవై అయిదు దాటితే ఎవరినైనా బయటికి పంపేస్తారట, అది వాళ్ల కట్టు. వాళ్లకి పెద్ద జలజ, గనగళ్ళ వాళ్ల పిల్ల, పంతొమ్మిదేళ్లు. వల అల్లినంత వేగంగా టైపు కొడుతుంది.

ఈ సైటు ఎందుకు పుట్టిందో కొత్తరేవు అంతా ఎరుగు. కాపరి ఎవరి చేతిపట్టీలో వాళ్లకి సరిపడే వార్తే చెబుతుంది. మూడేళ్ల కిందట జలజ మేనత్త పోతే, పక్క వరసలో ఉన్న ఆమె స్నేహితురాలికి చెప్పలేదు. ఆవిడ మనసు పాడవుతుందని చెప్పలేదట. ఆవిడకి పదకొండో రోజు తెలిసింది. జలజ వాళ్ల గుమ్మంలో ఆవిడ ఏడ్చిన ఏడుపు విని ఈ పిల్లలు సైటు పెట్టారు. అందరికీ ఒకటే ముందు పేజీ. దాని కింద ఎవరి పలక వాళ్లది. చేపల కూర గురించి రాసుకున్నా, మొగుడి గురక గురించి రాసుకున్నా ఊరంతా చదవొచ్చు.

నా ఏడో గొలుసుని ముందు పేజీలో వెయ్యమన్నాను. కుదరదంది. ముందు పేజీకి రెండు చేతులు కావాలట. ఏ వార్తయినా ఇద్దరు మనుషులు అక్కడికి పోయి, చేత్తో తాకి చూసి, కింద పేర్లు పెట్టాలి.

"నేను తాకాను కదే గుంటా."

"నీది ఒక చెయ్యి తాతా."

"ముప్ఫై ఒక్క ఏళ్ల చెయ్యి ఇది."

"అయినా ఒకటే."

కోపం వచ్చింది. నా పలక మీద నేనే పెద్ద అక్షరాలతో రాసేశాను, ఏడో గొలుసు తెగబోతోంది, ఆ పక్క ఉన్నవాళ్లు సర్దుకోండి అని.

శుద్ధ చవితి

నిన్న నలభై కుటుంబాలు గిన్నెలూ పక్కలూ మూట కట్టి పడవల్లోకి దిగాయి. రోజంతా ఎండలో కూచున్నారు. ఒక ముసలావిడ సొమ్మసిల్లింది.

ఇవాళ జలజా, వాళ్లలోనే ఫిలిప్పనే కుర్రాడూ ఏడో గొలుసు పట్టుకుని అడుగు దాకా మునిగారు. పదహారు బారల లోతు. నేను పైన పడవలో కూచున్నాను. ఆ పిల్ల పైకొచ్చి ముసుగు తీసి నా వంక చూసిన చూపుకే నాకు తెలిసిపోయింది. గొలుసు బ్రహ్మాండంగా ఉంది. ఒక్క కడియం అరగలేదు. లంగరు బురదలోకి పిడి దాకా దిగి ఉంది.

మధ్యాహ్నానికి ముందు పేజీలో పడింది. ఏడో గొలుసు గట్టిగా ఉంది, బండయ్య రాసింది తప్పు. కింద రెండు పేర్లు.

చక్రధర్ ఐసు గదికి వచ్చి, ఇంకోసారి ఇలాంటి భయం పుట్టిస్తే ఈ గదికి కరెంటు తీసేస్తానని చెప్పి పోయాడట. జలజ నాతో ఆ మాట మామూలుగా చెప్పింది. తరువాత వాళ్ల ఇంకో కట్టు చెప్పింది. తప్పు రాసినవాళ్లు ఆ తప్పుని తమ చేత్తో రాయాలి, అది ముందు పేజీలో అన్నిటికన్నా పైన వారం రోజులు ఉంటుంది. ఎవరికైనా అంతే. వాళ్లే తప్పు రాసినప్పుడు వాళ్లూ అలాగే రాశారు.

నేను రాయనని చెప్పి ఇంటికొచ్చేశాను.

శుద్ధ షష్ఠి

రెండు రోజులుగా గడప దాటలేదు. సుత్తి ముట్టలేదు.

పొద్దున్న నూకరత్నం వచ్చింది. చేపలు ఎండేసే మనిషి, నాకు వరసకి చెల్లెలు. ఆవిడ నోటికి తలుపు గడియ లేదు.

"ఏటి అన్నయ్యా, నువ్వు తప్పావా, చచ్చావా? చస్తే చెప్పు, కూర వండుకోను."

తనూ ఒకసారి తప్పులో పడి రాసిందట. నాలుగు రోజులు రేవులో నవ్వారట, అయిదో రోజు ఇంకెవరో తప్పు రాస్తే ఆ మనిషి మీదికి పోయారట. నీ తప్పేమన్నా బంగారమా, దాచుకుంటావు అని అడిగి, బొమ్మిడాయిల పులుసు గిన్నె పెట్టి వెళ్లిపోయింది.

పులుసు తిన్నాను. సుత్తి తీసుకుని ఏడో గొలుసు దగ్గరికి పోయాను. కొట్టాను. దబ్బుమంది. మళ్లీ కొట్టాను. దబ్బే.

గొలుసు గట్టిది. మోత చచ్చింది. రెండూ నిజమే. నా చెవి తప్పు చెప్పలేదు, మరి నేనెక్కడ తప్పాను?

శుద్ధ సప్తమి

రాశాను. ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఎవరూ వెతుక్కోనక్కర్లేకుండా.

"సూరాడ బండయ్య అనే నేను ఏడో గొలుసు తెగుతుందని రాశాను. తప్పు. నలభై ఇళ్లవాళ్లని ఎండలో కూచోబెట్టాను. తప్పు. గొలుసు గట్టిగా ఉంది. కానీ దాని మోత పోయింది, ఇవాళ కూడా పోయే ఉంది. ఎందుకో నాకు తెలియదు. మీ ఇళ్లలో ఏదైనా ఎప్పటిలా లేకపోతే రాయండి."

తెలియదు అన్న మాట నేను గొలుసుల గురించి జన్మలో అనలేదు.

మధ్యాహ్నానికి రెండొందల మంది కింద రాశారు. సగం మంది ఎకసెక్కాలు. సుత్తి అమ్మేసి తాళాలు కొనుక్కో, పెళ్లిళ్లలో భజంత్రీల పక్కన నిలబడొచ్చు అని ఒకడు. ఆ గిన్నె తిరిగిచ్చేయ్ అని నూకరత్నం. ఆవిడే ఇంకోటి రాసింది. పోయినేడు ఇదే నెలలో తన చేపల పందిట్లో పొద్దుటెండ నిండా పడేది, ఇప్పుడు నీళ్ల ట్యాంకు నీడ పడుతోంది, ట్యాంకుని ఎవరో జరిపారని రెండు వారాలుగా పక్కవాళ్లతో తగువు. పక్కాయన దాని కిందే రాశాడు, ట్యాంకు ఇనప దిమ్మకి అతికించి ఉంది, నీ పందిరే జరిగిందేమో చూసుకో అని. బడి పంతులమ్మ రాసింది, రెండో గంటలో ఎండ నల్లబల్ల మీద పడి పిల్లలకి అక్షరాలు కనపడ్డం లేదు, పోయినేడు ఇదే నెలలో కిటికీ దగ్గరే ఆగేదని. ఏడో గొలుసు వైపు ఉండే వలవాడు ఒకాయన, తన గుమ్మానికీ సముద్రంలో పాతుకున్న వల గుంజకీ మధ్య పన్నెండు బారల తాడు పట్టేదట. ఇప్పుడు ఎనిమిది బారలకే సరిపోతోందట. తాడు నానిపోయి సాగిందనుకున్నాడు పాపం.

జలజ ఇవన్నీ తీసి ఐసు గది నేల మీద సుద్దతో గీసింది. గీసి నన్ను పిలిపించింది.

శుద్ధ అష్టమి

నేల మీద ఊరి బొమ్మ. చుట్టూ పన్నెండు గీతలు. ట్యాంకు జరగలేదు, పందిరీ జరగలేదు. ఊరు జరిగింది. ఏడో గొలుసు వైపుకి నాలుగు బారలు జరిగి, కొంచెం తిరిగింది.

ఊరు జరిగితే కాపరికి తెలియదా అని అడిగాను. ఆటుపోట్లకి ఊరు ఊగుతుందని కాపరికి పది బారల హద్దు పెట్టారు, ఆ లోపల ఎంత జరిగినా దానికి క్షేమమే అంది జలజ.

నాకు అప్పుడు తట్టింది. పన్నెండు మంది ఒక దుప్పటి అంచులు పట్టుకుని లాగి నిలబడ్డారనుకోండి. నాకు ఎదురుగా ఉన్నవాడు వదిలేస్తే నా చేతిలో దుప్పటి వదులవుతుంది. నా చెయ్యి బాగానే ఉంటుంది. ఏడోదానికి ఎదురు ఒకటోది. పోయింది అదే.

ఫిలిప్పు అడిగాడు, మరి ఒకటోదాన్ని కూడా కొట్టావు కదా తాతా, అది ఎలా మోగింది అని.

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పాను. ఒకటో గొలుసు ఆఫీసు కిందనించి పోతుంది. ఆరేళ్లుగా అక్కడ గేటు వేసి తాళం పెట్టారు. గేటు ఇవతల మూరెడు ముక్క ఉంటుంది, దాన్ని ఇనప దవడలో బిగించేశారు. కింద లంగరు ఉన్నా లేకపోయినా ఆ ముక్క కంగుమంటూనే ఉంటుంది. రోజూ దాన్నే కొట్టి పన్నెండూ కొట్టానని రాశాను. పదకొండే కొట్టగలుగుతున్నాను, ఆఫీసువాడు నన్ను ఆపాడు అని రాయడానికి నాకు నామోషీ.

ఎవరూ నవ్వలేదు. ఇది కూడా రాయాలా అని అడిగాను. జలజ కీబోర్డు నా వైపు జరిపింది.

శుద్ధ నవమి

ఇద్దరూ ఆఫీసు వెనక పడవలోంచి మునిగారు. ఈసారి నేను పడవలో నిలబడే ఉన్నాను. పైకి రాగానే జలజ చెయ్యి పైకెత్తి చూపించింది, మోచేతి దాకా బురద.

ఒకటో లంగరు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. దాని వెనక బురదలో నాగలి చాలు లాగా పెద్ద గాడి, వేసవి ఉప్పెనకి పట్టు తప్పి, అప్పణ్నించి కొంచెంకొంచెంగా జరిగి ఉంటుంది. ఇద్దరూ ఆ గాడిలో చేతులు పెట్టి చూశారు. ముందు పేజీలో వేశారు, ఎదురుగా సుద్ద బొమ్మ కూడా. ఊరంతా చదివింది. ఈసారి ఎవరూ మూటలు కట్టలేదు. ఏం చెయ్యాలి అని అడిగారు.

చక్రధర్ తెర చూపించాడు. ఇంకా పచ్చగానే ఉంది. రెండు వైపులా వదులైతే బరువు తక్కువే చూపిస్తుంది కదా. మోటారుతో గొలుసు లాగించండి అని జలజ అడిగింది. కాపరి ఒప్పుకుంటే తప్ప మోటారు తిరగదట. ఆయన అబద్ధం చెప్పలేదు, స్విచ్చి వేసి చూపించాడు. తిరగలేదు.

బడి దగ్గర ఇనప లంగరు ఒకటి పడి ఉంది, పాతికేళ్లుగా పిల్లలు దాని మీద జారుతున్నారు. చేత్తో తిప్పే పాత చక్రం చేపల గోదాములో ఉంది. చాలు, మేం చేస్తాం అన్నాను. మేం అన్న మాట నా నోట్లోంచి ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు.

శుద్ధ ద్వాదశి

నిన్నా ఇవాళా జరిగింది ఒకేసారి రాస్తున్నాను. చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకర పోతే పిల్లలు దిద్దుతారు.

వంద మంది కావాలని తెడ్డులో రాశారు. మూడొందల యాభై మంది వచ్చారు. పడవల్లో కూచుని నన్ను తిట్టిన నలభై కుటుంబాలూ వచ్చాయి. లంగరుని పీపాల తెప్ప మీద ఎక్కించి, ఆరు పడవలు కట్టి, ఒకటో గొలుసు బయటి కొస దాకా లాక్కుపోయాం. అక్కడ పాత లంగరు వెనకాల దించాం. ఫిలిప్పూ ఇంకో నలుగురూ అడుగున కొత్త లంగరుని గొలుసుకి కట్టారు.

చక్రం గోదాము ముందు బిగించి, మోకుని ఒకటో గొలుసు కొసకి తగిలించాం. ఆ ఇనప దవడ గొలుసుని ఇవతలికి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. ఒక్కో చువ్వకి ఇరవై మంది. పంతులమ్మ ఒక చువ్వ పట్టుకుంది, నూకరత్నం ఇంకోటి. నేను మధ్యలో నిలబడి కేక పెట్టాను. ఓలేసా అంటే ఐలేసా అన్నారు. మొదటి గంట ఒక్క కడియం కూడా రాలేదు, కాళ్ల కింద దిమ్మ వంగింది. ఆ తరువాత లంగరు బురదలో కరిచింది. అది కరవడం నాకు అరికాళ్లలో తెలిసింది. అక్కణ్నించి కడియం తరువాత కడియం వచ్చింది. మా ఊరు, నాలుగు వేల మంది ఇళ్లూ పొయ్యిలూ నిద్రపోతున్న పసిపిల్లలతో సహా, మనుషుల చేతులతో నాలుగు బారలు వెనక్కి వచ్చింది.

సాయంత్రం ఏడో గొలుసు దగ్గరికి పోయాం. పిల్లలందరూ వచ్చారు. కొట్టాను.

కంగుమంది. అది ఊరి ఆ చివర దాకా వినపడిందని తరువాత రాశారు. నేను నమ్ముతాను.

శుద్ధ త్రయోదశి

పొద్దున్న అందరి చేతిపట్టీలూ ఒక్కసారి గుంజాయి. కాపరి ఎర్రబడింది. ఒకటో గొలుసు మీద బరువు మూడింతలు, ప్రమాదం, వెంటనే వదులు చెయ్యండి. రెండు రోజుల్లో తుఫాను, అది కూడా చెప్పింది. కొందరికి పడవలెక్కమని, కొందరికి ఇంట్లోంచి కదలొద్దని, ఎవరి భయానికి తగ్గట్టు వాళ్లకి.

చక్రధర్ ఇద్దరు పనివాళ్లతో గొలుసు దవడ వదిలించే తాళంచెవి పట్టుకుని వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. చెడ్డవాడు కాదు. ఎర్ర దీపం వెలిగితే వదులు చెయ్యమని ఆయనకి నేర్పారు.

నేను దవడ ముందు నిలబడ్డాను. అది ఎర్రగా ఉంది ఎందుకంటే గొలుసు పని చేస్తోంది, వదులుగా ఉన్నప్పుడు పచ్చగా ఉంది ఎందుకంటే పని మానేసింది, అంతే తేడా అని చెప్పాను. వెనక జనం చేరారు. జలజ పక్కనే నిలబడి జరుగుతున్నది జరుగుతున్నట్టు ముందు పేజీలో వేస్తోంది. ఎవరికి ఏ పట్టీ ఏం చెప్పినా, ఆ పేజీ అందరికీ ఒకటే.

"బండయ్య గారూ, మీరు మొన్ననే తప్పారు," అన్నాడు చక్రధర్.

"తప్పాను. రెండుసార్లు. రెండుసార్లూ నా చేత్తో రాశాను, ఊరంతా చదివింది. ఆ రాసింది చదివే వీళ్లు అసలు సంగతి పట్టుకున్నారు. మీ యంత్రం ఎన్నిసార్లు తప్పిందో ఎక్కడ రాసుంది బాబూ? నాకు చూపించు, నేను పక్కకి జరుగుతాను."

చక్రధర్ చేతిపట్టీ గుంజుతూనే ఉంది. దాన్ని విప్పి జేబులో వేసుకున్నాడు. తరువాత తాళంచెవి కూడా వేసుకున్నాడు. పనివాళ్లని పోయి ఇళ్ల రేకులు కట్టుకోమన్నాడు.

ఆ గేటు తాళం మాత్రం నేను అడిగి తీయించాను.

పున్నమి

గొలుసుకొక కుర్రాడో పిల్లో, చేతిలో సుత్తి, నడుముకి తాడు. ఎలా కొట్టాలో, ఎలా వినాలో నిన్నంతా నేర్పాను. ఒకటోది నాది. గంటకోసారి కొట్టి, విన్నది వెంటనే పేజీలో రాయాలి. ప్రతి గొలుసునీ పక్క గొలుసు మనిషి కూడా వచ్చి వినాలి.

పొద్దున్న ఎనిమిది గంటలు. పన్నెండూ కంగు.

పది. గాలి తిరిగింది. పన్నెండూ కంగు.

పదకొండు. మూడోది సన్నగా మోగుతోందని అక్కడ కాపున్న పిల్ల భయపడి రాసింది. సన్నగా మోగితే బాగా లాగుతోందని అర్థం, భయం లేదు, నేనే పోయి విన్నాను.

పన్నెండున్నర. గోదాము కప్పు పోయింది. నూకరత్నం పందిరి పోయింది. గొలుసులు ఉన్నాయి.

రెండు. అల దిమ్మల మీదికి ఎక్కింది. ఒకటో గొలుసు కొట్టకుండానే మోగుతోంది. ముప్ఫై ఏళ్లలో ఇంత కమ్మని మోత వినలేదు. పట్టుకుంది.

నాలుగు. గాలి తగ్గింది. పన్నెండూ కంగు. ఇంట్లో కూచుని చదువుతున్నవాళ్లు ఇక అన్నం వండుకోండి.

బహుళ పాడ్యమి

లెక్క చూశారు. పదకొండు కప్పులు, ఒక పందిరి, రెండు పడవలు. మనుషులందరూ ఉన్నారు. ఊరు అంగుళం జరగలేదు, పిల్లలు కొలిచి పేర్లు పెట్టారు.

మధ్యాహ్నం నేను ఐసు గదిలో బల్ల మీద కూచుని నా పలక రాసుకుంటుంటే చక్రధర్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. నాకూ ఒక పలక ఇస్తారా అని జలజని అడిగాడు. వయసెంత ఉన్నా పలక ఇస్తాం, పెత్తనం మాత్రం ఇవ్వం అందా పిల్ల. ఇచ్చింది.

నా పక్కన కూచున్నాడు. చాలా చదువుకున్న మనిషి. ఎలా మొదలుపెట్టాలి బండయ్య గారూ అని అడిగాడు. ముందు పేరు రాయి, తరువాత జరిగింది రాయి, ఊరికే సాగదీయకు అన్నాను.

రెండు వాక్యాలు రాసి నాకు చూపించాడు. నేను కూడబలుక్కుని చదివాను. గొలుసుల పర్యవేక్షణలో పొరపాటు జరిగింది అని ఉంది.

"జరగడమేంటి? వానా అది, దానంతట అది పడ్డానికి? ఎవరు చేశారో రాయి."

చక్రధర్ గారు అదంతా కొట్టేశాడు. ఈసారి "నేను" అని మొదలుపెట్టాడు.